వాపూ బలుపూ



ఛందస్సును గురించో, ప్రబంధాలను గురించో వ్రాసుకొనే నేను ఈసారి వైద్యవిషయాన్ని చేతికెత్తుకోవటం చూచి, "ఈ పంతులుగారికి ఇదేమి వెర్రి?" అని మీలో కొందరు అనుకోవచ్చు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పైయేళ్ళకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా ఈ విషయంలో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. ఒక విధంగా చూస్తే అది భాషకు సంబంధించిన తప్పే. దానికి మూల్యంగా మా అక్కయ్య రెండు కాలివ్రేళ్ళు పోగొట్టుకొన్నది. అందువలన వ్రాయక తప్పటం లేదు.

"వాపును చూచి బలుపనుకొన్నట్లు" అనే సామెత మీ అందరికీ తెలిసినదే. ఎనిమిదవ తరగతిలో సామెతల పాఠం చెప్పేటప్పుడు ఏటేటా దీనిని వివరించేవాణ్ణి. ఒక సంవత్సరం ఒక కుర్రవాడు లేచి, "మాస్టారూ, వాచినా లావుగానే ఉంటుంది, బలిసినా లావుగానే ఉంటుంది కదండీ. తేడా ఎలా తెలుస్తుందండీ?" అని అడిగాడు. "నొక్కి చూడు. నొప్పి పెడితే వాపు, పెట్టకపోతే బలుపు" అని చెప్పి కూర్చోబెట్టాను. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ జవాబు ఎంత తప్పో నాకు 2011 దాకా తెలియలేదు.

ముందు మాట సంగతి చూద్దాం. ఇంగ్లీషు వైద్యులు 'ఇన్‌ఫ్లమేషన్' అనే దానికి మన పత్రికలు ఒకచోట 'వాపు' అనీ, ఇంకొకచోట 'మంట' అనీ, మరొకచోట 'తాపం' అనీ వ్రాస్తాయి. ఆ ఇంగ్లీషు మాటకు మూలం లాటిను. నిప్పంటించటం అని దాని అర్థం. సంస్కృత వైద్యగ్రంథాలలో దీనికి దగ్గరగా వచ్చే మాట 'శోథ'. ఉబ్బటం అనే అర్థంగల ధాతువు నుండి పుట్టింది. అంటే రోమనులు వేడిని చూచి పేరు పెట్టారు, మనవారు ఉబ్బును చూచి పేరు పెట్టారు. తెలుగువాడు మాత్రం రెండింటినీ కలిపి 'సెగగడ్డ' అన్నాడు. సెగ అంటే వేడి, గడ్డ అంటే ఉబ్బు. ఇంతకంటె చక్కని సమాసం నాకు కనబడలేదు.

క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమునగరపు సెల్సస్ దీనికి నాలుగు లక్షణాలు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. ఆ అవయవం పని చేయకపోవటం అనే అయిదవ లక్షణాన్ని తరువాతివారు చేర్చారు. సుశ్రుతుడు సూత్రస్థానంలో వ్రణశోథకు ఆమం, పచ్యమానం, పక్వం అని మూడు దశలు చెప్పాడు. పచ్చిగడ్డను తొందరపడి కోయటమూ, పండిన గడ్డను ఉపేక్షించటమూ రెండూ అజ్ఞానమేనని హెచ్చరించాడు. మన పల్లెటూళ్ళలో నేటికీ "గడ్డ ఇంకా పచ్చిగా ఉంది", "పండింది, ఇక చితుకుతుంది" అనే అంటారు. సుశ్రుతుని పేరైనా వినని ముసలమ్మల నోట సుశ్రుతుని పరిభాష బ్రతికి ఉండటం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఇంతకూ ఈ శోథ రోగమా, రక్షణా?

దీనికి మంచి సమాధానం 1882లో ఇటలీలోని మెస్సినా రేవుపట్టణంలో దొరికింది. మెచ్నికాఫ్ అనే రష్యను శాస్త్రజ్ఞుడు గాజులాగా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలలో గులాబిముల్లు గ్రుచ్చి ఉంచాడు. మరునాడు సూక్ష్మదర్శినిలో చూచేసరికి ఆ ముల్లు చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. రక్తనాళాలే లేని ఆ జీవిలో కూడా కణాలు కదలివచ్చి శత్రువును చుట్టుముట్టాయన్నమాట. బయటినుండి వచ్చినదానిని మ్రింగి జీర్ణించుకొనే కణాలు మన దేహానికి కాపలాదారులని ఆయన సిద్ధాంతీకరించాడు. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమానం పొందాడు.

మన కాలిలో ముల్లు దిగినా జరిగేది ఇదే. రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుచేత ఎరుపు, వేడి. నాళాల గోడలు కొంచెం సడలి ద్రవం బయటికి ఊరుతుంది. అందుచేత వాపు. ఆ దారినే తెల్లకణాలు వచ్చి పని మొదలుపెడతాయి. నొప్పి మనలను ఆ కాలు కదపకుండా కట్టిపెడుతుంది. పని పూర్తికాగానే మంట తనంతట తాను ఆరిపోదు. ఆర్పటం కూడా దేహం బుద్ధిపూర్వకంగా చేసే పనే. అందుకు వేరే రసాయనాలను దేహం తయారుచేసుకొంటుందని ఇటీవలి దశాబ్దాలలో కనుగొన్నారు. పొయ్యి వెలిగించిన ఇల్లాలే వంట అయ్యాక నీళ్ళు చల్లి ఆర్పినట్లు.

చిక్కంతా ఆ పొయ్యి ఆరకపోతే వస్తుంది. మనవారు అన్నట్లు రావణకాష్ఠం. ఏళ్ళతరబడి రగులుతూనే ఉంటుంది. దానికి కారణాలు ఒకటి కాదు.

మొదటిది, శత్రువు లోపలే కాపురం పెట్టటం. మా గోదావరి డెల్టాలో నా చిన్నతనాన బోదకాలు లేని వీధి ఉండేది కాదు. దోమకాటుతో లోపలికి చేరిన పురుగులు లసికా నాళాలలో ఏళ్ళతరబడి ఉండిపోతాయి. వాటిమీద దేహం చేసే ఎడతెగని యుద్ధమూ, నాళాలు చెడిన తరువాత మాటిమాటికి సోకే సూక్ష్మజీవులూ కలిసి కాలిని స్తంభంలాగా చేస్తాయి. కడుపులో పుండు సంగతీ ఇటువంటిదే. మా కాలంలో దానిని పచ్చిమిరపకాయలకూ మనోవ్యథకూ అంటగట్టేవారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు అది చాలావరకు హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి పని అన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ సూక్ష్మజీవులను తానే త్రాగి తన కడుపులో శోథను పుట్టించుకొని చూపాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఆ శోథ దశాబ్దాలపాటు సాగితే కొందరిలో క్యాన్సరుకు దారితీస్తుంది. 1994లోనే ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం ఆ సూక్ష్మజీవిని క్యాన్సరు కారకాల పట్టికలో చేర్చింది.

రెండవది, మనమే రోజూ ముల్లు గ్రుచ్చుకోవటం. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరగ్రామాలలో అడ్డపొగ అలవాటును చూచినవారికి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది. చుట్ట మండే కొసను నోటిలోపల పెట్టుకొని పీల్చటం అది. ఆ వేడీ, పొగలోని విషాలూ కలిసి అంగుడిని నిత్యమూ గాయపరుస్తాయి. అక్కడి స్త్రీలలో అంగుటి క్యాన్సరు ఎక్కువగా కనబడటానికి అదే కారణమని వైద్యులు ఏనాడో తేల్చారు. సిగరెట్టు, కట్టెపొయ్యి పొగ, చిగుళ్ళ జబ్బు ఇవన్నీ ఈ కోవలోవే.

మూడవది, తన పర భేదం తెలియకపోవటం. కీళ్ళవాతంలో దేహం తన కీళ్ళ పొరనే శత్రువనుకొని దాడి చేస్తుంది. మా అక్కయ్యకు వచ్చింది ఇదే. ఆ కథ చెప్పబోయే ముందు నాలుగవదాన్ని కూడా చెప్పాలి. అది అన్నిటికంటె చిత్రమైనది. నొప్పి లేదు, ఎరుపు లేదు, జ్వరం లేదు. నివురుగప్పిన నిప్పు.

గుండెపోటు అంటే గొట్టంలో క్రొవ్వు పేరుకొని మూసుకుపోవటం అని మనం చాలాకాలం అనుకొన్నాము. క్రొవ్వు సంగతి నిజమే. కాని రక్తనాళపు గోడలో చేరిన ఆ క్రొవ్వును తినటానికి తెల్లకణాలు వస్తాయి. తిని అరిగించుకోలేక అక్కడే కూలబడతాయి. వాటిని చూచి మరికొన్ని వస్తాయి. ఇలా గోడలోపల పండిన ఆ గడ్డ చితికిననాడు రక్తం గడ్డకట్టి గుండెపోటు వస్తుంది. దీనిని శోథవ్యాధిగానే చూడాలని 1999లో రస్సెల్ రాస్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు గట్టిగా ప్రతిపాదించాడు. సుశ్రుతుని పక్వదశ గుండె నాళంలో కూడా ఉన్నదని తెలిసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది.

ఈ నిప్పును పట్టుకొనే పరీక్ష ఒకటి ఉన్నది. సి.ఆర్.పి. అంటారు. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో మొదట కనుగొన్నారు. శోథ ఉన్నప్పుడు కాలేయం దీనిని ఎక్కువగా తయారుచేస్తుంది. అయితే ఇది పొగ మాత్రమే, నిప్పు కాదు. కొండమీద పొగను చూచి నిప్పును ఊహించటం తర్కశాస్త్రంలో మొదటి పాఠం. పొగను విసనకర్రతో తోలితే నిప్పు ఆరదని వేరే చెప్పనక్కరలేదు. పుట్టుకతోనే సి.ఆర్.పి. ఎక్కువగా ఉండేవారిని పరిశీలించి, అది తానుగా గుండెజబ్బు తేదని కూడా తేల్చారు.

మరి నిజంగా నిప్పునే ఆర్పితే గుండెపోట్లు తగ్గుతాయా? 2017లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో, అంతకుముందు గుండెపోటు వచ్చి సి.ఆర్.పి. ఎక్కువగా ఉన్న 10,061 మందిని తీసుకొన్నారు. శోథసంకేతాలలో ఒకదానిని మాత్రమే అడ్డుకొనే ఖరీదైన సూదిమందును కొందరికీ, ఉత్త సూదిని కొందరికీ ఇచ్చారు. మధ్యమోతాదు పుచ్చుకొన్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణం కలిపి సుమారు 15 శాతం తగ్గాయి. సిద్ధాంతం నిజమే! కాని ఇంకొక సంగతి కూడా బయటపడింది. మందు పుచ్చుకొన్నవారిలో ప్రాణాంతకమైన అంటురోగాలు పెరిగాయి. మొత్తం మరణాల లెక్కలో ప్రయోజనం కనబడలేదు. కాపలావాణ్ణి నిద్రపుచ్చితే గొడవ తగ్గుతుంది, దొంగలకు దారి కూడా ఏర్పడుతుంది.

ఆ మరుసటి ఏడు ఇంకొక పరీక్ష ఫలితం వచ్చింది. ఇందులో మన తెలుగువారికి సంబంధించిన విశేషం ఉన్నది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయంలో నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరోధి అయిన మెథోట్రెక్సేట్‌ను కూడా వారే చేశారు. బోదకాలు పురుగును చంపే హెట్రజాన్ కూడా 1947లో ఆ బృందం నుండే వచ్చింది. మన ఊళ్ళలో 2004 నుండి ఏటా పంచిపెట్టిన మాత్ర అదే. మెథోట్రెక్సేట్ మొదట క్యాన్సరు మందు. తరువాత చిన్న మోతాదులో కీళ్ళవాతానికి పట్టుకొమ్మ అయింది. కీళ్ళ మంటను ఆర్పేది గుండెనాళాల మంటను కూడా ఆర్పుతుందేమోనని దాదాపు అయిదువేలమందిలో పరీక్షించారు. ఆర్పలేదు. గుండెపోట్లు తగ్గలేదు. కాల్చిసిన్ అనే పాతకాలపు మందుతో 2019, 2020 సంవత్సరాలలో చేసిన రెండు పరీక్షలలో మేలు కనబడింది. 2024లో వచ్చిన మరొక పెద్ద పరీక్షలో కనబడలేదు.

దీనివలన నేను గ్రహించినది ఒక్కటే. శోథ అనేది ఒక పేరే గాని ఒక నిప్పు కాదు. కీలులోని నిప్పు వేరు, కడుపులోనిది వేరు, రక్తనాళంలోనిది వేరు. "సర్వరోగాలకూ మూలం ఇన్‌ఫ్లమేషనే, దీనికి మా మందు ఒక్కటే చాలు" అని ఈనాడు ఎవరైనా చెప్పుతున్నారంటే, ఆ వాక్యంలో మొదటి సగం అతిశయోక్తి, రెండవ సగం వ్యాపారం.

ఇక మా అక్కయ్య కథ. 2011 నాటికి ఆమెకు అరవై అయిదేళ్ళు. తెల్లవారి లేస్తే వ్రేళ్ళు ముడుచుకొనేవి కావు. కణుపులు వాచి ఎర్రగా ఉండేవి. ముగ్గు పెట్టటం మానేసింది. బావగారు ఎవరో చెప్పారని ఊరికి వచ్చి మందులిచ్చే ఒక మనిషి దగ్గర పొడి పొట్లాలు తెచ్చారు. వేళ్ళతో చేసిన మందు, దుష్ఫలితాలుండవు అని ఆయన మాట. వారం తిరిగేసరికి అక్కయ్య గుమ్మం ముందు చుక్కల ముగ్గు పెట్టింది. నెల తిరిగేసరికి ముఖం నిండుగా, బుగ్గలు గుండ్రంగా వచ్చాయి. సంక్రాంతికి వెళ్ళిన నేను ఆమెను చూచి, "అక్కయ్యా, ఒళ్ళు చేశావు! ముఖంలో కళ వచ్చింది" అన్నాను.

అప్పటికి పాతికేళ్ళుగా ఆ సామెతను పాఠం చెప్పుతున్నవాణ్ణి నేను. వాపును చూచి బలుపనుకొన్నాను.

వేసవిలో ఆమె కాలికి రేకు గీరుకొన్నది. చిన్న గాయం. ఎర్రబడలేదు, పెద్దగా నొప్పి లేదు, జ్వరం లేదు. కనుక ఎవరూ పట్టించుకోలేదు. పదిరోజులకు రెండు వ్రేళ్ళు నల్లబడి వాసన వేస్తే పట్నానికి తీసుకొని వెళ్ళాము. అక్కడి వైద్యురాలు మా అమ్మాయి వయసుది. ఆమె గాయం చూడకముందే అక్కయ్య ముఖం చూచి, "ఏ పొడులైనా వాడుతున్నారా అమ్మా?" అని అడిగింది. రక్తపరీక్షలు చేయించిన తరువాత నన్ను ప్రక్కకు పిలిచి, "మాస్టారూ, ఇది ఒళ్ళు చేయటం కాదండీ. ఆ పొడిలో స్టెరాయిడ్ ఉండి ఉంటుంది. దానివల్లనే ముఖం ఇలా గుండ్రమైంది, చక్కెర పెరిగింది. మంటను చల్లార్చింది నిజమేనండీ. కాలిలో రావలసిన మంటను కూడా రానివ్వలేదు. నొప్పి ఉంటే మీరు మొదటిరోజే తెచ్చేవారు" అన్నది.

నొక్కితే నొప్పి పెట్టకపోతే బలుపు అని తరగతిలో నేను చెప్పిన జవాబు అప్పుడు గుర్తుకు వచ్చింది.

రెండు వ్రేళ్ళు తీసివేశారు. ఆ పొడిని ఒక్కసారిగా ఆపటం ప్రాణానికే ప్రమాదమని, దేహం తాను చేసుకొనవలసిన హార్మోనును చేయటం మరచిపోయి ఉంటుందని చెప్పి, అసలు స్టెరాయిడ్ మాత్రనే కొలిచి ఇస్తూ నెలలతరబడి మెల్లగా తగ్గించారు. పుండు మానిన తరువాత కీళ్ళకు మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకొంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకని మా మేనకోడలు కేలండరులో ప్రతి సోమవారమూ ఎర్రసిరాతో సున్న చుడుతుంది. దుష్ఫలితాలు తగ్గటానికి వేరొక రోజున ఫోలిక్ ఆమ్లం మాత్ర. విరుగుడూ మందూ రెండూ సుబ్బారావుగారి బృందం చేతి చలవే. ఆయన పుట్టిన గడ్డమీద ఆ మాత్ర సంగతి తెలియక పొడి పొట్లాలకు ఎగబడ్డాము.

అక్కయ్య ఇప్పటికీ, "ఒరేయ్ తమ్ముడూ, ఏమైనా ఆ పొడి వేసుకొన్నప్పుడే నాకు హాయిగా ఉండేదిరా" అంటుంది. ఆమెను తప్పు పట్టలేను. నొప్పి తెలియకపోవటమే ఆరోగ్యం అని మనమందరమూ అనుకొంటూనే ఉన్నాము.

స్టెరాయిడ్‌ను దుష్టపాత్రగా చిత్రించటం నా ఉద్దేశం కాదు. 2020లో కరోనా రోగులమీద ఆక్స్‌ఫర్డ్‌వారు చేసిన పరీక్షలో, కృత్రిమశ్వాస మీద ఉన్నవారి మరణాలను డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్ మూడింట ఒకవంతు తగ్గించింది. ప్రాణవాయువు అవసరం లేనివారికి మాత్రం ఏ మేలూ చేయలేదు. 2021 వేసవిలో మనదేశంలో ఏమి జరిగింది? జ్వరం వచ్చిన మొదటిరోజునే వాట్సాప్‌లో వచ్చిన చీటీ చూచి స్టెరాయిడ్ మ్రింగినవారు కొల్లలు. చక్కెరవ్యాధి ఉన్నవారిలో దానికి ఫలం బ్లాక్ ఫంగస్ రూపంలో కనబడింది. ఎందరో కళ్ళు పోగొట్టుకొన్నారు. మందు ఒక్కటే, వ్యాధీ ఒక్కటే, తేడా కాలంలో ఉన్నది. పచ్చిగడ్డను కోయరాదన్న సుశ్రుతుని మాట దీనికి కూడా చెల్లుతుంది.

సామెతను తలక్రిందులు చేసే సంగతి ఇంకొకటి ఉన్నది. 1993లో హార్వర్డులో హోతమిష్లిగిల్, స్పీగెల్మన్ అనే శాస్త్రజ్ఞులు లావెక్కిన ఎలుకల క్రొవ్వునుండి శోథసంకేతాలు వెలువడుతున్నాయనీ, అవి ఇన్సులిన్ పనికి అడ్డుపడుతున్నాయనీ చూపారు. అంటే పొట్టచుట్టూ చేరిన క్రొవ్వు నిద్రపోతున్న మూట కాదు, రాజుతున్న కుంపటి. బలుపే వాపు! పైగా మనవారికి సన్నగా ఉన్నామన్న ధీమా కూడా పనికిరాదు. పుణేకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టర్ యుడ్కిన్ కలిసి దిగిన ఛాయాచిత్రం ఒకటి 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరికీ ఎత్తుకు తగిన బరువు సూచిక ఒక్కటే, 22.3. కాని దేహంలో క్రొవ్వు ఆంగ్లేయునికి 9.1 శాతం, మన యాజ్ఞికుగారికి 21.2 శాతం. చొక్కామాటున దాగిన ఈ బలుపును నొక్కి చూచినా నొప్పి పెట్టదు.

ఇన్ని చెప్పి నా అభిప్రాయం చెప్పకపోతే ఈ టపాకు అర్థం లేదు.

ఈమధ్య ఒక దుకాణంలో ఒకే అరమీద రెండు సీసాలు చూచాను. ఒకదానిమీద 'రోగనిరోధకశక్తిని పెంచును' అని ఉన్నది. ప్రక్కదానిమీద 'ఇన్‌ఫ్లమేషన్‌ను తగ్గించును' అని ఉన్నది. రెండింటినీ కొని సంచీలో వేసుకొంటున్న పెద్దమనిషిని కూడా చూచాను. శోథ అనేది రోగనిరోధకశక్తి చేసే పనే అయినప్పుడు, ఒక సీసా కుంపటిని విసురుతుంది, ఇంకొకటి నీళ్ళు చల్లుతుంది. రెండూ నిజంగా పనిచేస్తే ఆ పెద్దమనిషి గతి ఏమిటి? పనిచేయవు గనుకనే ఆయన క్షేమంగా ఉన్నాడని నా అనుమానం.

పసుపు మాటకు వస్తే, గాయాలకు పసుపు వాడటంమీద అమెరికాలో 1995లో ఇచ్చిన పేటెంటును మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి పోరాడి 1997లో రద్దు చేయించినప్పుడు నేనూ గర్వించాను. కూరలో పసుపు మానమని ఎవరూ అనరు. కాని పసుపుసారాన్ని మిరియాలసారంతో కలిపి మాత్రలుగా మ్రింగినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ఇటలీలోనూ అమెరికాలోనూ వైద్యులు నమోదు చేశారు. అమ్మమ్మ డబ్బాలోని పసుపు వేరు, సీసాలోని పసుపు వేరు.

నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. మంటను ఆర్పటానికి ముందు ముల్లు ఎక్కడుందో వెదకాలి. పొగాకు మానటం, పొగపొయ్యి వదలటం, చిగుళ్ళ నెత్తురును చిన్నచూపు చూడకపోవటం, పొట్ట తగ్గించటం, నాలుగడుగులు నడవటం, చక్కెరను అదుపులో ఉంచటం ఇవన్నీ ముళ్ళు తీయటమే. వీటికి ప్రకటనలు రావు, ఎందుకంటే వీటిలో అమ్ముకోవటానికి ఏమీ లేదు. పేరు లేని పొడి, పట్టీ లేని సీసా ఇంట్లోకి రానీయరాదు. వారంలో అద్భుతం చేసిన మందును ముందుగా అనుమానించాలి. వైద్యుడు మంట తగ్గించే మందు వ్రాస్తే దేనికోసం, ఎంతకాలం, ఎలా ఆపాలి అని మూడు ప్రశ్నలు అడగాలి. అడిగితే కోపగించే వైద్యుడు నాకింతవరకు తారసపడలేదు. అడగనిది మనమే.

చివరగా మాట సంగతి. కనబడే ఉబ్బుకు 'వాపు' అనీ, లోపల జరిగే ఈ వ్యవహారమంతటికీ 'శోథ' అనీ వాడితే బాగుంటుందని నా సూచన. ఒకే 'వాపు' రెంటికీ వాడటం వలన వాపు కనబడకపోతే జబ్బు లేదనుకొంటున్నాము. ఇంతకంటె తేలికైన తెలుగుమాట మీకు తోస్తే వ్యాఖ్యలలో తెలియజేయండి, సంతోషంగా స్వీకరిస్తాను.

ఎనిమిదవ తరగతిలో ప్రశ్న అడిగిన ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. అతనికి నేను జవాబు బాకీ ఉన్నాను. నాయనా, వాపుకూ బలుపుకూ తేడా చూస్తే తెలియదు. నొక్కితే కూడా ఒక్కొక్కసారి తెలియదు. అది ఎందుకు వచ్చిందో కనుక్కొంటేనే తెలుస్తుంది. ఆనాడు నీ ప్రశ్నకు నవ్వినందుకు నన్ను క్షమించు.

సెలవు.